సైరన్ శ్రుతిలో రామనామం

మా అత్తగారింటి దగ్గర భజన మండలికి హార్మోనియం లేదు, శ్రుతి పెట్టె లేదు. ఉన్నవి ఒక డోలక్, నాలుగు జతల తాళాలు, కొన్ని చిడతలు, ఒక బొగ్గు బాయి సైరన్. సైరన్ నిజానికి కంపెనీది. షిఫ్టు మారినప్పుడల్లా మోగుతుంది, అది దాని ఉద్యోగం. కానీ మా అత్తమ్మ దాని గురించి మాట్లాడుతుంటే వినాలి. తాళాలతోపాటు దాన్ని కూడా భజన అయ్యాక గుడ్డలో చుట్టి అల్మారాలో పెడుతుందేమో అనిపిస్తుంది.

ఈ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. మాది భైంసా దగ్గర పత్తి పండే ఊరు. పెళ్లయి గోదావరి ఒడ్డున బొగ్గు కాలనీకి వచ్చిన మొదటి శనివారమే అత్తమ్మ నన్ను క్వార్టర్ల మధ్య ఉన్న ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయింది. మండపంలో పదిహేను మంది దాకా ఆడవాళ్లు వరుసగా కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ తాళాలో చిడతలో ఉన్నాయి. ఎవరూ కొట్టడం లేదు, ఎవరూ మాట్లాడడం లేదు. గాలిలోకి చెవులు పెట్టి కూర్చున్నారు. ఎంత భక్తి అనుకుని నేనూ కళ్లు మూసుకున్నాను.

అప్పుడు మోగింది. కింద ఎక్కడో మూలుగుతున్నట్టు మొదలై, పైకి ఎక్కి ఎక్కి, ఒకచోట ఆగి, అక్కడే నిలబడి కూసింది. మా ఊళ్లో అట్లాంటి మోతకు ఒకటే అర్థం, పత్తికి నిప్పంటుకుంది, ఫైరింజను వస్తోంది. నేను దిగ్గున లేచి, పక్కనున్న ఆమె చెయ్యి పట్టి గుంజి, "లేవున్రి, లౌకర్ లేవున్రి" అని అరుస్తూ చెప్పుల దాకా ఉరికాను. సరిగ్గా అదే క్షణంలో డోలక్ మీద దెబ్బ పడింది, మండపంలోని నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకుని రామనామం ఎత్తుకున్నాయి. నేను ఒక్కదాన్నే చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాను.

భజన అయ్యాక వాళ్లు నవ్విన నవ్వుకు గుడిమీది పావురాలు లేచిపోయాయి. మా భైంసా వైపు మరాఠీ మాటలు కలుస్తాయి కదా, త్వరగా అనడానికి లౌకర్ అంటాం. ఆ రోజు నుంచి కాలనీలో నేను లౌకర్ కోడలిని. నాకేం కోపం రాలేదు. వచ్చినా ఎవరిమీద చూపించాలి, అందరికన్నా ఎక్కువ నవ్వింది మా అత్తమ్మే.

ఆ రోజు ఇంటికి పోతూ అత్తమ్మ అసలు కథ చెప్పింది. మండలిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క దేశం. ఒకామె పెద్దపల్లి వైపు, ఒకామె గుంటూరు వైపు, డోలక్ కొట్టే ఆమె పుట్టిల్లు బీహారు. బాయి పనికి మొగవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చారు, వాళ్ల వెంట గొంతులూ వచ్చాయి. పాట మొదలుపెడితే ఎవరి ఎత్తు వారిదే. నువ్వు దిగు అంటే నువ్వు ఎక్కు అని కొట్లాట. పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు, గొంతు సంగతి అడగనే వద్దు. ఒక శనివారం అట్లా కొట్లాడుతుండగానే రెండో షిఫ్టు సైరన్ మోగింది. అది ఆగిన చోటనే, ఎవరూ అనుకోకుండా, అందరి గొంతులూ ఆగాయి.

"గా దినం నుంచి మాకు లొల్లి లేదు పిల్లా" అంది అత్తమ్మ. "సైరన్ ఎక్కుతుంటె మేం గూడ లోపల్లోపల ఎక్కుతం. గది నిలవడంగనే మేం నోరు తెరుస్తం. దేవుడే పంపిండు."

దేవుడు పంపింది సరిగ్గా రెండో షిఫ్టుకే ఎందుకని నేను అడగలేదు. కొత్త కోడలిని. కరెంటు తక్కువున్న రోజు సైరన్ కొంచెం నీరసంగా ఆగేది, ఆ రోజు రామనామం కూడా కొంచెం కిందనే నడిచేది. ఎవరికీ పట్టేది కాదు.

నాకు మాత్రం ఆ మండలిలో ఒక పని ఉంది. మా అవ్వ, మా వైపు అమ్మను అట్లాగే అంటాం, నా పెళ్లికి ముందు కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. బిడ్డకు మంచి ఇల్లు దొరికితే, తాను పాడే అంజన్న పాటను బిడ్డ కొండమీద పాడుతుందని మొక్కు. సగం తెలుగు, సగం మరాఠీ కలిసిన పాట అది, మా అమ్మమ్మ దగ్గర అవ్వ నేర్చుకుంది, అవ్వ దగ్గర నేను నేర్చుకున్నాను. ఇల్లు దొరికింది. పైగా మండలి ఏటా హనుమాన్ జయంతికి కొండగట్టు పోతుంది, మండపంలో వాళ్లకు పాడే వంతు ఉంటుంది. అంతా అంజన్నే ముందుగా సర్దిపెట్టాడని అవ్వ ఫోన్‌లో మురిసిపోయింది. ఒక్క చిక్కు మిగిలింది. మండలి పెద్ద మా అత్తమ్మ. కొండమీద ఎవరు పాడాలో ఆమె చెబుతుంది. ఆమెకు నా గొంతు నచ్చలేదు.

నా గొంతు బొంగురు. చిన్నప్పటి నుంచీ అంతే. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు 'అన్నా' అని మొదలుపెడతారు. మండలిలో నేను రెండోసారి నోరు తెరిచినప్పుడు అత్తమ్మ తల తిప్పి చూసింది. మూడోసారి, వెనక్కి పోయి కూర్చుని తాళాలు పట్టుకోమంది.

"నీ గొంతు సుతిల కలుస్తలేదు. పెదిమెలు ఆడియ్యి, సాలు."

ఇక్కడే నాకు మండింది. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. శ్రుతి కలవడం లేదంటే సరే, నిరూపించాలి. ఫోన్‌లో ఒక యాప్ దింపుకున్నాను. దాని ముందు కూత పెడితే చాలు, ఏ స్వరమో అక్షరం చూపిస్తుంది, కింద ఒక ముల్లు అటూ ఇటూ ఊగి ఆగుతుంది. సైరన్ మోగినప్పుడు ఫోన్ కిటికీలో పెట్టి ముల్లు ఎక్కడ ఆగిందో చూసుకున్నాను. తరువాత నేను పాడాను. అదే అక్షరం, అదే చోటు. వంటింట్లోకి పరుగెత్తి అత్తమ్మ ముఖం ముందు ఫోన్ పెట్టాను.

"సూడున్రి అత్తమ్మా. సైరన్ కాడ ఏడ ఆగిందో, నా కాడ గూడ ఆడనే ఆగింది."

అత్తమ్మ బెండకాయలు తరుగుతూ ముల్లును చాలాసేపు చూసింది.

"గీ ముల్లుకు చెవులున్నయా?" అంది.

అది మంచి ప్రశ్న. ముల్లు చూసేది ఎత్తును ఒక్కదాన్నే. ఆమె వినేది ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఏమిటో కనిపెట్టాలన్న పిచ్చి అప్పుడు పట్టుకుంది నాకు. కొన్ని వారాలపాటు ఇంట్లో నేను తట్టని వస్తువు లేదు. ఇత్తడి బిందె తట్టాను. స్టీలు గ్లాసులో నీళ్లు ఎక్కువ తక్కువ చేసి స్పూనుతో కొట్టాను. కుక్కర్ విజిల్ వేస్తే పప్పు సంగతి మరచి ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఐసు బండివాడి బూర, పక్క క్వార్టర్ వాళ్ల మిక్సీ, స్కూలు గంట, ఏదీ వదలలేదు. నీళ్లు సగానికి కొంచెం పైన ఉన్న గ్లాసు సైరన్ స్వరమే పలుకుతోందని తెలిసిన రోజు వంటింట్లో గంతులు వేశాను. మా ఆయన మొదటి షిఫ్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ కూనిరాగం తీస్తుంటే ఆ రాగం మధ్యలో ఆపించాను.

"జర గాడనే ఆగు, కదలకు" అన్నాను.

పాపం, ఒక కాలు మీద నిలబడి ఉన్నవాడు అట్లాగే ఆగి "ఊఁ" అని సాగదీశాడు. ముల్లు సైరన్ చోటికే వచ్చింది, కాకపోతే ఒక అంతస్తు కింద. మా ఆయన అడుగున పాడతాడు కదా. గ్లాసు, మా ఆయన, సైరన్, నేను, నలుగురం ఒకే స్వరం. కానీ చీకట్లో వినిపించినా ఎవరు ఎవరో చెప్పేయొచ్చు. గ్లాసును మా ఆయన అనుకుని ఎవరూ పొరబడరు.

కాలేజీలో చదివింది అప్పుడు గుర్తుకొచ్చింది, ఈసారి పరీక్ష కోసం కాదు. స్వరం ఎప్పుడూ ఒంటరిగా రాదు. పెళ్లికొడుకు బారాత్‌లో వచ్చినట్టు వెంట చుట్టాలను వేసుకుని వస్తుంది. ముందు నడిచేది అసలు స్వరం, దాని పేరే మనం చెబుతాం, ముల్లు చూసేదీ దాన్నే. దాని వెనక రెండింతలు వేగంగా వణికేది ఒకటి, మూడింతలది ఒకటి, నాలుగింతలది ఒకటి, అట్లా సన్నసన్నగా పైకి వరుస కడతాయి. వాటిని విడివిడిగా మనం వినం, ఒక్కటే మోత అనుకుంటాం. ఏ చుట్టం గట్టిగా అరుస్తుంది, ఏది నోరు మెదపదు అన్న దాన్నిబట్టి గ్లాసు గ్లాసవుతుంది, సైరన్ సైరనవుతుంది. పెళ్లికొడుకు అదే, బారాత్ వేరు. గ్లాసుదైతే మరీ వింత, దాని చుట్టాలు లెక్క ప్రకారం వరుసలో కూడా నడవవు. అందుకే అది గణగణమంటుంది.

మనిషి గొంతులో ఇంకో సొగసుంది. లోపల తీగల్లాంటివి వణికి స్వరం పుట్టిస్తే, నోరు, ముక్కు, గొంతులోని ఖాళీ కలిసి చుట్టాలలో ఎవరిని ముందుకు తోయాలో, ఎవరిని వెనక ఉంచాలో తేలుస్తాయి. నోటి ఆకారం ఒకరిది ఒకరికి ఉండదు. అత్తమ్మ గొంతులో పై వరుసలో ఉన్న సన్న చుట్టాలు మెరుస్తాయి, నా దాంట్లో కింది వరుస బరువుగా నడుస్తుంది. ఇదంతా నేను అత్తమ్మకు బారాత్ భాషలోనే చెప్పాను. శ్రద్ధగానే వింది.

"అయితే నీ బారాత్‌ల అందరు బ్యాండోళ్లే ఉన్నరన్నట్టు" అంది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను వూరికే సాకులు చెబుతున్నానని ఆమె అనుకోలేదు, అది నాకు తెలుసు. శ్రుతి తప్పలేదని ఒప్పుకుంది. కలవడం మాత్రం లేదంది. ఆ రెండూ వేరని ఆమెకు అనుభవంతో తెలుసు, నాకు పుస్తకంతో తెలుసు. కొండగట్టు పాట మాత్రం ఇద్దరి మధ్యా అట్లాగే ఉండిపోయింది. ఇంకోవైపు అవ్వ వారం వారం ఫోన్ చేసేది.

"మీ అత్తకు జెప్పినవా, మొక్కు సంగతి?"

"చెప్పిన అవ్వా."

"ఏమంటది?"

"సూద్దామంటది."

"మొక్కు బాకీ పెట్టొద్దు బిడ్డా. నాకు నిద్ర వడ్తలేదు" అనేది అవ్వ. మా అవ్వ దేనికీ నిద్ర మానుకునే మనిషి కాదు. ఆ మాటకు నాకు నిజంగా భయం వేసేది.

అప్పుడొక ప్రయోగం చేశాను. ఒక శనివారం భజనలో ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి, తరువాత ఒక్కొక్కరితో 'ఆ' అనిపించి దాన్నీ పట్టాను. తాళాలనూ పట్టాను. మా ఆయన సాయంతో ఒక్కొక్క మోత మొదటి ముక్కను కోసేసి, మరుసటి శనివారం మండపంలో అందరికీ నడిమధ్య నుంచి వినిపించాను. నేను ఎక్కడో చదివాను, మోత మొదలయ్యే తీరు కోసేస్తే ఏది ఏదో చెప్పడం కష్టమని. అది ఎంత నిజమో ఆ రోజు చూశాను. తాళాల మీద దెబ్బ కోసేస్తే మిగిలింది దోమ పాట. అది దోమేనని పెద్దపల్లి ఆమె ఒట్టు పెట్టింది. చిడతలు అసలు ఆనవాలే దొరకలేదు. మండపమంతా కిలకిలలు. చివర ఒక గొంతు వచ్చింది, దాన్ని ఏమీ కోయలేదు, మొత్తం ఉంది. మిగతా అందరూ వెంటనే గుర్తుపట్టి మూతి బిగించుకున్నారు. అత్తమ్మ ఒక్కతే తల వాల్చి విన్నది.

"గీమె ఎవలో గని, పాటకు వంక లేదు" అంది. "ముక్కుల నుంచి పాడుతున్నది, గంతే."

డోలక్ ఆమె డోలక్ మీద తల పెట్టేసుకుంది. చివరికి అత్తమ్మే అందరి ముఖాలూ చూసి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ వేయమంది.

"నా గొంతు గిట్లుంటదా?"

"మనకు మన గొంతు ఎముకల్లోంచి గూడ ఇనవడ్తది అత్తమ్మా. అందుకే లోపలికి నిండుగ ఉంటది. బయటోళ్లకు గాలిల వచ్చిందే వస్తది" అన్నాను.

"ఇన్నేండ్ల సంది గిదే ఇంటుండ్రా మీరందరు?"

"మాకు గదే ఇష్టం" అంది బీహారు ఆమె. ఆమె తెలుగు బొగ్గు కాలనీలోనే పుట్టింది కాబట్టి అందరిలాగే ఉంటుంది. అందరూ నవ్వారు, అత్తమ్మ కూడా నవ్వింది. కాకపోతే రెండు మూడు రోజులు ఇంట్లో ఎవరూ లేరనుకుని నా ఫోన్ తీసి ఆ ముక్కను విన్నది. నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. అట్లా వింటూ వింటూ నాకు ఒక ఉపాయం దొరికింది. అత్తమ్మ గొంతు గుట్టు ముక్కులో ఉంది, ఇంకా నాలుక వెనక భాగం కొంచెం పైకి లేపడంలో ఉంది. సన్నాయి ఊదేవాళ్లు పెదవులు బిగించినట్టు గొంతు బిగించాలి. స్నానాల గదిలో సాధన మొదలుపెట్టాను. మొదట్లో పిల్లి కూడా పారిపోయింది. తరువాత తరువాత కుదిరింది. ఒకరోజు లోపల్నుంచి పాడుతుంటే మా ఆయన తలుపు కొట్టాడు.

"అవ్వా, నా టవలు ఏడున్నదే?"

"నేను" అన్నాను నా సొంత గొంతుతో.

"ఇగ ఇంట్ల ఇద్దరు అవ్వలైండ్రా" అనుకుంటూ పోయాడు.

ఆ శనివారం వెనక వరుసలోంచే కొత్త గొంతు తీశాను. సైరన్ ఎక్కింది, ఆగింది, మేం ఎత్తుకున్నాం. అత్తమ్మ తల తిప్పింది, ఎవరు పాడుతున్నారో వెతికింది, నన్ను చూసి తల ఊపింది. భజన అయ్యాక ముందు వరుసలో తన పక్కన చోటు చూపించింది.

"ఇప్పుడు కలుస్తున్నది. కొండగట్టు మీద నీ మొక్కు పాట పాడు."

నేను ఇంటికి నడవలేదు, ఎగిరాను. అవ్వకు ఫోన్ చేసి చెబితే అటునుంచి ఏమీ వినపడలేదు. ఫోన్ మంచంమీద పడేసి దేవుడికి దండం పెట్టుకోవడానికి పోయిందట.

జయంతి వచ్చింది. డీసీఎం వ్యాన్ మాట్లాడుకుని అందరం ఎక్కాం, మా ఆయన కూడా వచ్చాడు. మా వదిన కాన్పు దగ్గరకొచ్చిందని అవ్వ రాలేకపోయింది. పాట మొదలుపెట్టేముందు ఫోన్ కలిపితే చాలంది. దారి పొడుగునా పులిహోర, జోకులు, పాటలు. నా లౌకర్ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో. కొండమీద కాషాయం బట్టల జనం, కొబ్బరికాయల వాసన, చేతిలో సంచి కనపడితే గుంజుకుపోయే కోతులు. మండపంలో మండలి తరువాత మండలి పాడుతోంది. మైకు ఉంది, వరుస ఉంది, మా వంతు వచ్చింది. ఎక్కి కూర్చున్నాం. డోలక్ ఆమె చెయ్యెత్తింది. అత్తమ్మ తాళాలు ఎదురెదురుగా పట్టుకుని, తల కొంచెం వంచి, వినడం మొదలుపెట్టింది.

అందరం వింటున్నాం. మైకు అతను చూశాడు. కింద జనం చూశారు. మేం ఇంకా వింటూనే ఉన్నాం.

"కానియ్యున్రి అమ్మా" అన్నాడు మైకు అతను.

అప్పుడు అర్థమైంది మా అందరికీ, ఒకేసారి. సైరన్ కాలనీలో ఉంది. ఇన్నేళ్లూ కొండకు వచ్చినప్పుడు పాతకాలం హార్మోనియం మాస్టారు ఒకాయన మండలి వెంట వచ్చేవాడట. పొద్దున కాలనీలోనే సైరన్‌తో కలిపి హార్మోనియం చూసుకుని, కొండమీద దాన్ని వాయిస్తూ తనే కింది నుంచి గొంతు ఎక్కించి గట్టిగా ఎత్తుకునేవాడట. ఆ ఏడు ఆయన బిడ్డ దగ్గరకు హైదరాబాద్ పోయాడు. ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా ఎవరూ ఆలోచించలేదు, ఎందుకంటే సైరన్‌ను ఎవరు మాత్రం ఎందుకు మరచిపోతారు, అది ఉండేదే కదా.

అత్తమ్మ ధైర్యం చేసి ఎత్తుకుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క ఎత్తున కలిశారు. గుంటూరు ఒకవైపు, పెద్దపల్లి ఒకవైపు. రామనామం ఐదు ముక్కలై మండపంలో తలో దారి పట్టింది. ముందు వరుసలోని పిల్లలు నవ్వారు. అత్తమ్మ తాళం ఆపేసింది. ఆమె ముఖం ఎర్రబడింది. తరువాత వంతు మండలి పెద్దాయన జాలిపడి తన హార్మోనియం ముందుకు జరిపాడు. నాకు ఆ స్వరం తెలుసు, ముల్లు పుణ్యమాని. మెట్టు నొక్కి తిత్తి ఆడించాను.

"గిదే మన సుతి. ఎత్తుకోండ్రి" అన్నాను.

వాళ్లు విన్నారు. తలలు అడ్డంగా ఊపారు.

"గిది పెట్టె సప్పుడు" అంది పెద్దపల్లి ఆమె. "మనది కాదు."

"స్వరం గదే."

"ఏమో పిల్లా. గిది కిందికెల్లి ఎక్కి వస్తలేదు."

అప్పుడు నా బుర్రకు తట్టింది. వాళ్లు స్వరాన్ని పట్టుకోవడం లేదు, ఎన్నడూ పట్టుకోలేదు. సైరన్ వెంట మెట్టు మెట్టుగా ఎక్కి, అది ఆగినచోట ఆగుతారు. మొదలు కోసేస్తే వాళ్లకు తాళం దోమవుతుంది, శ్రుతి కాస్తా పెట్టె సప్పుడవుతుంది. వాళ్లకు మొదలు కావాలి. నేను లేచి నిలబడ్డాను. మైకు ముందుకు పోయాను. సిగ్గు అనే మాట అప్పుడు నాకు గుర్తు లేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, నా బొంగురు గొంతు అడుగునుంచి మూలిగి, మెల్లగా పైకి లేపి, ఎక్కించి ఎక్కించి, అక్కడ ఆపి కూశాను.

కొండ మొత్తం మోగింది. గోడమీది కోతులు అరటిపండ్లు వదిలి పరుగు తీశాయి. జనంలో ఎక్కడో ఒకాయన, బాయి మనిషే అయి ఉంటాడు, దిగ్గున లేచి నిలబడి చేతి గడియారం చూసుకున్నాడు. నా వెనకాల డోలక్ మీద దెబ్బ పడింది. పదిహేను గొంతులు ఒకటే గొంతుగా రామనామం ఎత్తుకున్నాయి. నవ్వు ఆపుకోలేక నేను మొదటి రెండు నామాలు పాడనే లేదు. అత్తమ్మ తాళం అంత గట్టిగా కొట్టడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. జనం చప్పట్లు అందుకున్నారు. పక్క మండలి పెద్దాయన తన హార్మోనియంను తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

నామం అయ్యాక అత్తమ్మ మైకు దగ్గరకు వంగింది. "ఇప్పుడు మా కోడలు పాడుతది. వాళ్ల అవ్వ మొక్కు" అంది. మా ఆయన మా అవ్వకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, మా ఇద్దరి ముందు నేలమీద ఉంచాడు. "మొదలైందా, మొదలైందా" అని చిన్నగా అవ్వ మాట వినపడుతోంది. స్నానాల గదిలో నేర్చుకున్నదంతా గుర్తు చేసుకున్నాను. ముక్కు, నాలుక, బిగింపు. అత్తమ్మ గొంతు తీశాను. అందంగా వచ్చింది, సన్నగా, ఎక్కడా వంక లేకుండా. రెండు చరణాలు పాడాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. ఫోన్‌లోంచి అవ్వ మాట వచ్చింది.

"గీమె మంచిగనే పాడుతుంది. గీమెది అయినంక నా బిడ్డ పాడుతదా?"

నేను ఫోన్ వైపు చూశాను. నేనే అవ్వా అందామంటే ఏ గొంతుతో అనాలో తెలియలేదు. నవ్వు వచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లు వచ్చాయి. అత్తమ్మ ముందుకు వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టింది.

"ఆగు వదినె. ఇగ నీ బిడ్డనే పాడుతది" అంది.

తరువాత నా మోకాలి మీద చెయ్యి వేసి, మైకుకు అందకుండా, నా ఒక్కదానికే చెప్పింది.

"నా గొంతు నాకున్నది బిడ్డా. నీది తియ్యి."

మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. బరువుగా, గరుకుగా, కింది వరుస చుట్టాలందరినీ వెంటేసుకుని వచ్చింది నా గొంతు. మొదటి మాట పూర్తికాకముందే ఫోన్‌లోంచి అవ్వ ఏడుపు వినపడింది. ఆ ఏడుపూ బొంగురే.